తేలినీలాపురం గూడబాతుల్ని చూడాలనుకునే అక్కచెల్లెళ్ళకు

శ్రీకాకుళం జిల్లాలో, మా టెక్కలి దగ్గరున్న తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్ళు పెట్టడానికి వస్తాయి. నవంబరు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. నెల్లూరు నుంచి మా ఖాలా కూతురు, విజయనగరంలో ఉండే మా ఆపా, టెక్కలికి కొత్తగా బదిలీ మీద వచ్చిన టీచరమ్మలు, అందరూ అడిగేది ఒకటే. పిట్టలొచ్చాయా? ఎట్లా రావాలి? పిల్లల్ని తేవచ్చా? బురఖాలో వెళ్తే ఎవరైనా ఏమన్నా అంటారా? ఒక్కొక్కరికీ అరగంట చెప్పేసరికి గొంతు పోతోంది. అందుకని ఈసారి రాసి పెడుతున్నాను. చదువుకుని రండి.

నా పుట్టిల్లు సూళ్ళూరుపేట. మా ఆయన గ్రానైట్ కోసే మిషన్లు బాగుచేస్తాడు. టెక్కలి వైపు దొరికే నీలం రాయికి గిరాకీ ఎక్కువ కాబట్టి పని దొరుకుతుందని 2014 సెప్టెంబరులో ఇటు వచ్చేశాం. రెండు ట్రంకు పెట్టెలు, నా కుట్టుమిషను, చంకలో ఏడాది పిల్ల. వైజాగులో రైలు మారి నౌపడలో దిగాం. పుట్టింటికీ ఇక్కడికీ ఎనిమిది వందల కిలోమీటర్లకు పైనే. రాష్ట్రానికి ఆ చివర నుంచి ఈ చివరకన్నమాట.

నెల తిరక్కముందే తుఫాను. ఇంటావిడ వచ్చి, "హుద్‌హుద్ వస్తందంటమ్మా, తలుపులు గట్టిగా ఏసుకో" అని చెప్పి వెళ్ళింది. భయం కన్నా ముందు నాకు ఆశ్చర్యం వేసింది. హుద్‌హుద్ అంటే సులైమాన్ ప్రవక్త పిట్ట. ఖురాన్‌లో నమ్ల్ సూరాలో ఉంటుంది. కొలువుకి ఆలస్యంగా వచ్చి, ఎందుకు ఆలస్యమైందంటే సబా దేశం కబురు తెచ్చానని చెప్పిన పిట్ట. మా నానీ ఆ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నెత్తిన విసనకర్రలాంటి కుచ్చు ఉండే కూకుడుగువ్వే అది. తుఫానుకి ఆ పేరు ఒమన్ వాళ్ళు పెట్టారని తర్వాత తెలిసింది. అక్టోబరు 12న విశాఖ మీద పడింది. మాకు గాలీ వానా, కరెంటు లేకపోవడం. కొవ్వొత్తి వెలుగులో కూర్చుని ఏడ్చాను. ఈ ఊళ్ళో నాకు తెలిసిన పేరు అదొక్కటే, అది కూడా తుఫానుదే అయింది.

ఆ డిసెంబరులో బట్టలారేస్తుంటే డాబా మీదుగా పెద్ద పిట్టలు పోయాయి. బూడిద తెలుపు, బరువుగా నాలుగుసార్లు రెక్కలు కొట్టి తర్వాత జారుకుంటూ పోవడం, మెడ వెనక్కి ముడుచుకుని, ముందు సంచీలాంటి ముక్కు. గూడబాతులు! మా సూళ్ళూరుపేట పక్కన నేలపట్టులో చెరువు మధ్య కణప చెట్ల మీద గూళ్ళు పెట్టేవి ఇవే. బడి వాళ్ళు ఏటా తీసుకెళ్ళేవారు. చేతిలో తడి చీరతో అట్లాగే నిలబడిపోయాను. ఆ సాయంత్రం మా ఆయన ప్రాణం తీసి, ఆటో మాట్లాడించి, తేలినీలాపురం వెళ్ళేదాకా వదల్లేదు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మిమ్మల్ని తీసుకొచ్చే ఆటో అతను, "ఇవి సైబీరియా పక్షులమ్మా, ఫారినువి" అంటాడు. గట్టిగా నమ్మి చెబుతాడు, పాపం. కానీ కాదు. ఈ గూడబాతులు దక్షిణాసియాలో, ఆగ్నేయాసియాలో తప్ప ఇంకెక్కడా ఉండవు. మన నేలపట్టులో, కర్ణాటక కొక్కరె బెళ్ళూరులో, తమిళనాడు వేదాంతంగల్‌లో గూళ్ళు పెడతాయి. వీటితోపాటు వచ్చే ఎర్రకాళ్ళ కొంగలదీ ఇంతే. గూడు కట్టి, గుడ్డు పెట్టి, పిల్లని పెంచేది ఇక్కడే. పిల్లలెగిరాక నీళ్ళు, చేపలు ఎక్కడుంటే అక్కడికి పోయి, మళ్ళీ వానలు కురిసి చెరువులు నిండేసరికి వస్తాయి. నిజంగా ఉత్తరాన సైబీరియా వైపు నుంచి చలికాలానికి మన నీళ్ళలోకి దిగేవి వేరే ఉన్నాయి, సూదితోక బాతుల్లాంటివి. అవి ఇక్కడ గూడు పెట్టవు, తిని పోతాయి. ఈ తేడా మీ పిల్లలకి చెప్పండి. పదేళ్ళుగా ఒకే కొట్టులో సరుకులు కొంటున్నా "మీకు తెలుగు బాగా వచ్చేనే" అని మెచ్చుకునే సేటు ఒకాయన ఉన్నాడు. నేను పుట్టింది సూళ్ళూరుపేటలో అని చెప్పడం మానేశాను. గూడబాతుల విషయంలో మాత్రం ఎవరితోనైనా వాదన పెట్టుకుంటాను.

ఎప్పుడు రావాలి

సెప్టెంబరు నుంచి మార్చి వరకూ ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తే పుల్లలు మోసుకెళ్ళి గూడు కట్టడం, జాగా కోసం కొట్లాట చూస్తారు. గుడ్డు పొదగడానికి నెల రోజులు పడుతుంది కాబట్టి పిల్లల్ని చూడాలంటే డిసెంబరు, జనవరి. నన్నడిగితే సంక్రాంతికి అటూ ఇటూ ఒక వారం తప్పించి జనవరిలో రండి. పండక్కి జనం ఎక్కువ, చూసేది మనుషుల వీపులే అవుతుంది.

పొద్దున ఆరున్నరకల్లా చెట్ల దగ్గర ఉండండి. తొమ్మిది దాటాక నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. ఆ గాలి మీద గూడబాతులు రెక్కలు కదపకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోయి, నౌపడ తంపర, అంటే అక్కడి చిత్తడినేల, వైపు మేతకి వెళ్ళిపోతాయి. ఆ లేవడం చూడడానికైనా కాసేపు ఆగాలి, అంత బరువు పిట్ట అంత తేలిగ్గా పోవడం చూస్తే మీకే తెలుస్తుంది. పొద్దున కుదరకపోతే సాయంత్రం అసర్ నమాజు ముగించుకుని రండి. మేతనుంచి తిరిగొచ్చేవి కనిపిస్తాయి.

రంజాను సంగతి కూడా అడుగుతున్నారు. మన నెలలు చంద్రుణ్ణి బట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. గూడబాతులు వానని బట్టి నడుస్తాయి. వచ్చే కొన్నేళ్ళు రంజాను సరిగ్గా పిల్లల కాలంలోనే పడుతుంది. రోజాలో (ఉపవాసంలో) ఉంటే తెల్లవారుజామున సహరీ తిని, ఫజర్ నమాజు చదువుకుని నేరుగా బయల్దేరి తొమ్మిదికల్లా ఇంటికి చేరండి. మధ్యాహ్నం సాహసాలు వద్దు, ఫిబ్రవరి ఎండని తక్కువ అంచనా వేయకండి.

టెక్కలి నుంచి ఆటోలో అరగంట కూడా పట్టదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్ళు హైవే మీద టెక్కలి దాకా బస్సులో వచ్చి అక్కడ ఆటో మాట్లాడుకోండి. రానూ పోనూ, ఆగే టైముతో కలిపి ముందే బేరమాడుకోండి. ఊళ్ళో అటవీ శాఖ వాళ్ళ కేంద్రం, ఎక్కి చూడడానికి టవరు ఉన్నాయి.

ఏం వేసుకోవాలి

ఇదే అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. నల్ల బురఖా చూసి పిట్టలు బెదరవు. వాటిని బెదరగొట్టేది కదలిక, చప్పుడు. నలుపుతో ఇబ్బంది మనకే, ఎండంతా పీల్చేసుకుంటుంది. నేను మట్టిరంగు కాటన్ గుడ్డతో ఒకటి కుట్టుకున్నాను. చేతులు వదులుగా, పక్కన బైనాక్యులర్ పట్టేంత లోతు జేబు. కుట్టుకోలేనివాళ్ళు బూడిదరంగు, గోధుమరంగు ఏదైనా సరే. దుపట్టా కొస మాత్రం గాలికి ఎగరకుండా పిన్ను పెట్టుకోండి. నిఖాబ్ వేసుకునే అక్కలకి ఒక చిక్కుంది. ఊపిరి పైకి తన్ని బైనాక్యులర్ అద్దాలు మసకబారతాయి. ముక్కు మీద గుడ్డ కాస్త బిగించి, కింద వదులుగా ఉంచితే గాలి కిందికి పోతుంది. మా ఆపా కనిపెట్టిన చిట్కా ఇది.

గూళ్ళున్న చెట్టు కిందికి వెళ్ళకండి. రెట్టలు పడతాయి, పిల్లలు మింగలేక జారవిడిచిన చేపలు కూడా పడతాయి. వాసన గురించి నేనేం చెప్పను, మొదటిసారి మా పాప ముక్కు మూసుకుని ఆటో దిగనంది. నమాజుకి వేరే దుపట్టా, కింద పరుచుకునే చిన్న జానమాజ్, వుజూకి (ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి) ఒక సీసా నీళ్ళు సంచీలో పెట్టుకోండి. ఇక్కడి నుంచి ఖిబ్లా, అంటే నమాజుకి తిరగాల్సిన మక్కా దిక్కు, పడమరకి కాస్త ఉత్తరంగా ఉంటుంది. సాయంత్రమైతే జనవరి సూర్యుడు పడమరకి దక్షిణంగా దిగుతాడు, కాబట్టి సూర్యుడికి బాగా కుడివైపు తిరగాలి.

చూడడం ఎట్లా

బైనాక్యులర్ లేకపోయినా ఫరవాలేదు, గూళ్ళు అంత దగ్గర. కొనేటట్టయితే 8×42 అని రాసి ఉన్నది తీసుకోండి. మొదటి అంకె ఎన్నిరెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. కొట్టువాడు ఇరవై రెట్లు, ముప్ఫై రెట్లు అని ఆశ పెడతాడు. చేతిలో పట్టుకుంటే బొమ్మ వణికి ఏమీ కనిపించదు. మొదటిసారి ఎడమ కంటితో మాత్రమే చూస్తూ మధ్య చక్రం తిప్పి సరిచేసుకోవాలి. తర్వాత కుడి కంటితో చూస్తూ కుడివైపు చిన్న చక్రం తిప్పాలి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి తిప్పేసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, పిట్ట మీద నుంచి చూపు తీయకుండా బైనాక్యులర్‌నే కళ్ళ దగ్గరికి తెచ్చుకోవడం. కిందికి చూసి, పెట్టుకుని, మళ్ళీ వెతికితే పిట్ట పోతుంది. ఇంట్లో కరెంటు తీగ మీది కాకితో వారం రోజులు సాధన చేయండి, నేనట్లాగే నేర్చుకున్నాను.

గూడబాతు పై ముక్కు అంచున వరసగా చుక్కలుంటాయి, అవి చూడండి. పిల్ల తలంతా తల్లి గొంతులోకి దూర్చి చేప తీసుకునే తీరు మొదటిసారి చూస్తే పిల్లని మింగేస్తోందేమో అనిపిస్తుంది. ఎర్రకాళ్ళ కొంగకి పసుపు ముక్కు, ముఖం నారింజ, తోక దగ్గర గులాబీ ఈకలు. పిల్లలకి ఆ రంగులేమీ ఉండవు, మాసిన బట్టలా ఉంటాయి. ఎదిగిన కొంగలకి గొంతు పెద్దగా లేదు, ముక్కు టకటకా కొట్టి మాట్లాడుకుంటాయి. ఎండెక్కాక తల్లికొంగ గూటి మీద నిలబడి రెక్కలు సగం విప్పి పిల్లలకి నీడ పడుతుంది. ఎండెంత ఉన్నా అది కదలదు. నేను చూడమనేది ముఖ్యంగా అదే. ఎగిరేటప్పుడు గుర్తు పట్టడం చాలా సులువు. మెడ ముందుకి చాస్తే ఎర్రకాళ్ళ కొంగ, మెడ ముడుచుకుంటే గూడబాతు.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, టైము, ఏం చూశారో రాయండి. నా దాంట్లో పేరుకి నాలుగు గళ్ళున్నాయి: మా నెల్లూరు పేరు, ఇక్కడివాళ్ళు పిలిచే పేరు, ఉర్దూ, ఇంగ్లీషు. గూడబాతుని ఉర్దూలో హవాసిల్ అంటారని మా అబ్బా ఫోన్లో చెప్పారు. పిట్టలు చూడడం మనకెందుకు అనే అత్తగారుంటే సలీం అలీ పేరు చెప్పండి. 1896లో ముంబైలో పుట్టిన ముస్లిం పిల్లాడు. చిన్నప్పుడు తుపాకీతో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఎందుకుందని అడగడానికి వెళ్ళి, జీవితమంతా పిట్టల్లోనే గడిపాడు. ఆయన పుట్టినరోజు నవంబరు 12ని దేశమంతా పిట్టలు చూసే రోజుగా జరుపుకుంటారు. మా అత్తగారి దగ్గర ఇది బాగా పనిచేసింది. "ఆయన మగాడు కదా" అని ఒక మాటన్నారు కానీ, మరుసటి ఏడు ఆటో ముందు సీట్లో కూర్చున్నది ఆవిడే.

ఊరివాళ్ళతో

ఇది పుస్తకాల్లో దొరకదు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

రెండో ఏడు నేను ఒక్కదాన్నే వెళ్ళాను. రోడ్డు పక్కన నిలబడి బైనాక్యులర్‌తో చూస్తుంటే ఇద్దరు కుర్రాళ్ళు బండి ఆపారు. ఏం ఫొటోలు తీస్తున్నారు, ఎవరు పంపారు, ఆధార్ ఉందా అని అడిగారు. ఒకడు ఫోను తీసి నన్నే వీడియో తీయడం మొదలుపెట్టాడు. టెన్షన్‌తో నోట మాట రాలేదు. ఎదురింటి అరుగు మీద ఒక మామ్మ కూర్చుని ఉంది, నోట్లో అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు ఇక్కడి పెద్దవాళ్ళు. అది తీసి, "ఒరే, ఆయమ్మ పిట్టల్ని చూసుకుంటంది. నీకేటొచ్చింది, ఎలిపో" అని కసిరింది. వాళ్ళు పోయాక నన్ను పిలిచి, "ఓలమ్మ, ఈ ఎండలో ఇంత నల్లగుడ్డ కప్పుకొచ్చినావు, ముందు నీల్లు తాగు" అంది. గ్లాసు ఇచ్చి చెట్టు వైపు గడ్డం ఎత్తి, "అయి మా ఆడపిల్లలు. పురిటికొచ్చినాయి. పిల్లలెగిరినంత వరకు ఉంటాయి, ఆనక ఎలిపోతాయి" అంది.

ఊళ్ళో చాలామంది మాట ఇదే. పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్ని చూసినట్టు చూస్తారు. అవి రాకపోతే ఆ ఏడు వానలకి ఏదో అయిందనుకుంటారు. ఇంటి పెరట్లో చింతచెట్టు నిండా రెట్టలు పడుతున్నా కొమ్మ కొట్టరు. ఇదే జిల్లా నుంచి మగపిల్లలు చెన్నైకి, హైదరాబాద్‌కి, చేపల వేటకి గుజరాత్ వేరావల్‌కి పోతారు. మామ్మ కొడుకూ అక్కడే ఉన్నాడు. ఆవిడ రెండు లెక్కలు పెట్టుకుంటుంది, పిట్టలెప్పుడొస్తాయో, కొడుకెప్పుడొస్తాడో. పిట్టలే టైముకొస్తాయట.

కాబట్టి దిగగానే బైనాక్యులర్ తీయకండి. సంచీలోనే ఉంచి ముందు ఎవరినైనా పలకరించండి, ఈ ఏడు ఎన్నొచ్చాయని అడగండి. అటవీ శాఖ వాళ్ళకి కనిపించి, పేరు చెప్పండి. పావుగంట పోతుంది, పోనీండి. ఇళ్ళ వైపు ఫోను ఎత్తకండి. ఆ తర్వాత రోజంతా నిలబడినా ఎవరూ ఏమీ అడగరు, పైగా టీ వస్తుంది.

మామ్మతో అట్లా మొదలైన పరిచయం పెరిగింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైనప్పుడు, దారులు తెరుచుకోగానే నేను వెళ్ళింది ఆ ఊరికే. కొమ్మలు విరిగి ఉన్నాయి, మిగిలిన కొమ్మల మీద పిట్టలున్నాయి. మామ్మ ఇంటి రేకులు ఎగిరిపోయాయి కానీ ఆవిడ ముందు చెప్పింది పిట్టల సంగతే. 2020లో నా రెండో కాన్పు లాక్‌డౌన్‌లో పడింది. మొదటిదానికి ఏడో నెలలోనే పుట్టింటికి వెళ్ళాను, రెండోదానికి సూళ్ళూరుపేట చంద్రమండలమంత దూరమైంది. బాబు పుట్టిన నెలన్నరకి, ఆటోలు తిరగడం మొదలవగానే మామ్మ దిగింది. వెల్లుల్లి కారం, నువ్వులుండలు, ఎండు చేపలు మూటకట్టుకుని. అమ్మీ దగ్గర లేదని నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఆటికే పురుళ్ళు పోసినోలం, నీకు పొయ్యలేమేటమ్మా" అంది.

చేయకూడనివి

చప్పట్లు కొట్టి పిట్టల్ని లేపకండి. తల్లి ఒక్క నిమిషం లేచినా కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. కింద పడిన పిల్ల కనిపిస్తే ఎత్తుకోకండి, సిబ్బందికి చెప్పండి. చచ్చిన పిట్టని అసలు ముట్టుకోకండి. 2021 చివర్లో, 2022 మొదట్లో ఇక్కడ గూడబాతులు చాలా చచ్చిపోయాయి, చేపల ద్వారా కడుపులోకి పోయిన పురుగుల వల్ల అన్నారు. చెట్ల కింద ఆ తెల్ల కుప్పలు చూసి రెండు రోజులు అన్నం సయించలేదు. అందుకని పిల్లలు సరదాకి బజారు చేపలు తెచ్చి వేస్తామన్నా ఒప్పుకోకండి. డ్రోన్లు గీన్లు తెచ్చేవాళ్ళతో రాకండి.

చలికాలం కుదరనివాళ్ళు ఆగస్టులో ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి వెళ్ళండి, ఒడిశా సరిహద్దు పక్కనే. అక్కడ వానలతో వచ్చేవి నత్తగుల్ల కొంగలు. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తలు తింటాయి. నాకు తేలినీలాపురం అంత మనసు పట్టలేదు కానీ అది నా పక్షపాతం.

మార్చి రెండో వారం దాటాక ఫోన్ చేసి "ఇంకా ఉన్నాయా" అని అడగకండి. ఉన్నా నాలుగైదు ఉంటాయి, వాటి కోసం విజయనగరం నుంచి రావడం దండగ. వచ్చేవాళ్ళు ముందురోజు రాత్రే చెప్పండి, తెల్లారి చేప తెప్పిస్తాను. మామ్మకి ఏం తేవాలని అడుగుతారు. చుట్టలు మాత్రం వద్దు, డాక్టరు మానమన్నాడు, మానలేదు. తమలపాకులు తెండి, లేతవి.